76 రోజులుగా జవాబు లేని ఫిర్యాదు

ప్రయోగశాల డైరెక్టర్ గారికి,

విషయం: డ్రిల్ కోర్ నమూనాల రాగి విశ్లేషణలో దొర్లిన తప్పు, దానిపై మీ సంస్థ వహిస్తున్న మౌనం.

అయ్యా,

అవక్షేప శిలల్లో రాగి నిక్షేపాల కోసం భూవైజ్ఞానిక పటాలు తయారుచేసి, బోర్లు వేయించి, వాటిలోంచి తీసిన శిలా స్తంభాల (కోర్) నమూనాలను 9 ఏళ్లుగా మీ ప్రయోగశాలకే పంపుతున్న అన్వేషణ బృందానికి నేను బాధ్యుణ్ణి. వేల నమూనాలు చేతులు మారే చోట పొరపాటు జరగడం సహజమేనని నాకు తెలుసు కనుక, తప్పు జరిగిందన్న ఒక్క కారణంతో ఇంత పెద్ద ఉత్తరం రాసేవాణ్ణి కాను. ఆ తప్పు ఎక్కడుందో చూపించి, ఎలా జరిగి ఉంటుందో మేమే వివరించి పంపినా, ఇన్ని రోజుల్లో మీ సంస్థలో ఒక్కరు కూడా ఆ అంకెల వంక చూడలేదన్నదే నా బాధ.

మీ నివేదికలోని 212 నమూనాల్లో 7 చోట్ల ఆమ్లంలో కరిగే రాగి శాతం మొత్తం రాగి శాతాన్ని మించి ఉంది. భాగం మొత్తాన్ని మించడం ఏ శిలలోనూ సాధ్యం కాదు. మొత్తం రాగి పట్టికలో అంకెలు ఒక్కొక్క వరుస కిందికి జరిగాయని మా అనుమానం. పైన పైరైట్ అనే ఇనుప ఖనిజం ఉన్న నల్ల షేల్ (బురద గట్టిపడిన పొరల శిల), దాని కింద రాగి ఖనిజాలైన కాల్కోపైరైట్, ఆ కింద బోర్నైట్, అట్టడుగున ఎర్ర ఇసుకరాయికి ఆనుకుని కాల్కోసైట్ అనే వరుసను కోర్ పెట్టె పక్కన కూర్చుని లెన్సుతో చూసి నేనే నమోదు చేశాను. చాకు మొనతో గీకితే మెత్తగా నల్లటి పొడి రాల్చిన ఆ కాల్కోసైట్ పొర మందం 40 సెంటీమీటర్లు. మీ నివేదిక ప్రకారం మాత్రం అసలైన రాగి అంతా దాని కింద, హెమటైట్ అనే ఇనుప ఆక్సైడ్ తప్ప మరేమీ కనబడని ఎర్ర ఇసుకరాయిలో ఉంది.

ఒక్క వరుసే కదా అనుకోవడానికి వీల్లేదు. ఎర్ర అవక్షేపాల గుండా వచ్చిన లవణజలాలు రాగిని మోసుకొచ్చి, సేంద్రియ పదార్థమో పైరైటో ఉన్న పొర తగిలిన చోట దింపుతాయి. అందుకే మధ్య ఐరోపాలోని రాగి షేల్ పొర కుప్ఫర్‌షీఫర్‌లో అయినా, మధ్య ఆఫ్రికా రాగి మండలంలో అయినా, ఎర్ర శిలలకూ అలాంటి పొరకూ మధ్య ఉండే ఆ ఆక్సీకరణ సరిహద్దు ఎటు సాగుతోందో పటం మీద గీయడమే అన్వేషకుడి మొదటి పని. కుప్ఫర్‌షీఫర్ షేల్ చాలాచోట్ల మీటరు మందం కూడా ఉండదు. అలాంటి పొరల్లో ఒక నమూనా జరిగితే రాగి ఒక శిలలోంచి మరో శిలలోకి మారిపోతుంది, తర్వాతి బోరు తప్పు వైపు పడుతుంది.

నివేదిక అందిన రెండో రోజునే మీ వినియోగదారుల విభాగానికి ఈమెయిల్ పంపాను. ఫిర్యాదు సంఖ్య ఒకటి దానంతటదే వచ్చింది, మనిషి నుంచి మాత్రం ఏ కబురూ రాలేదు. వారం తర్వాత ఫోన్ చేస్తే 40 నిమిషాలు లైన్లో ఉంచి, నమూనాల జాబితా మళ్లీ పంపమన్నారు. అది మొదటి ఈమెయిల్‌కే జతచేసి ఉంది. మళ్లీ పంపాను. నాలుగు రోజులకు మరొకరు ఫోన్ చేసి, ఏమీ తెలియనట్టు, ‘మీ సమస్య ఏమిటి?’ అని మొదటి నుంచి అడిగారు. ఓపిగ్గా మళ్లీ చెప్పాను. ఆయన రాసుకున్నది మూడో వ్యక్తికి చేరలేదు. ఆమె నన్ను అమ్మకాల విభాగానికి కలిపారు. వారు నా మాట పూర్తిగా వినకుండానే, తర్వాతి నమూనాలకు ధర తగ్గిస్తామన్నారు. నేను అడిగింది తగ్గింపు కాదని మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది.

సాంకేతిక విభాగం నుంచి ఇన్నాళ్లలో ఒకే ఒక్క జవాబు వచ్చింది: ‘రాగి రేణువులు శిలలో సమానంగా ఉండవు కనుక తేడాలు సహజం.’ ముతక బంగారం విషయంలో ఈ మాట చెల్లుతుంది. ఇక్కడ రెండు పరీక్షలూ 75 మైక్రాన్ల మేరకు నూరిన ఒకే పొడి మీద జరిగాయి, పైగా తేడాలు ఒకే దిశలో, వరుస తప్పకుండా ఉన్నాయి. ఈ సంగతి రాసి పంపిన మర్నాడే ‘పరిష్కారమైంది’ అంటూ నా ఫిర్యాదును మూసేశారు. ఆ వెంటే, మా సేవ మీకు ఎంత సంతృప్తినిచ్చింది అని అడుగుతూ ఒక ప్రశ్నావళి వచ్చింది. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మీ ప్రయోగశాల చిన్నదిగా ఉన్న రోజుల్లో, మా యాజమాన్యం మరో చోటికి మారుదామంటే, మీ పని మీద నమ్మకంతో వద్దని వాదించింది నేనే. మీ పాత మేనేజర్ గారు అనుమానం వచ్చిన నమూనాను మేము అడగకుండానే మళ్లీ పరీక్షించి, తానే ఫోన్ చేసి చెప్పేవారు. ఆ నమ్మకానికి దక్కిన ఫలితం ఇదా?

మీ నిబంధన ప్రకారం నూరిన పొడిని 90 రోజులే భద్రపరుస్తారు. ఇక మిగిలింది 14 రోజులు. ఆ పొడిని పారేయవద్దని, ఆ 7 నమూనాలతో పాటు వాటికి పైనా కిందా ఉన్నవాటిని కూడా తిరిగి పరీక్షించమని నేను రాసిన మూడు ఈమెయిళ్లకూ జవాబు లేదు. మీరు గుర్తింపు పొందిన ఐఎస్‌ఓ/ఐఈసీ 17025 (ప్రయోగశాలల అంతర్జాతీయ ప్రమాణం) 2017 నాటి కూర్పులో, 7.9 విభాగం మొత్తం ఫిర్యాదుల గురించే ఉంది. ఫిర్యాదుదారుకు పురోగతి తెలియజేయాలని, ఆ విశ్లేషణలో పాల్గొననివారే ఫలితాన్ని తేల్చాలని లేదా సమీక్షించాలని అందులో స్పష్టంగా ఉంది.

ఏడు రోజుల్లోగా మీ సంతకంతో జవాబు రాకపోతే, మా షెడ్డులో ఉన్న మిగతా సగం కోర్‌ను మరో ప్రయోగశాలకు పంపి, ఆ ఖర్చు మీ బిల్లులోంచి మినహాయించుకుంటాం. మీకు గుర్తింపునిచ్చిన సంస్థకు ఈ ఉత్తర ప్రత్యుత్తరాలన్నీ అందజేస్తాం. ఈ ఏడాది రావలసిన నమూనాలు ఇక మీ గుమ్మం తొక్కవు. కొత్త బోరు స్థానం ఖరారు చేయకుండా నేను ఆపి ఉంచింది మీ జవాబు కోసమే.

ఇట్లు,
భవదీయుడు,
సీనియర్ భూవిజ్ఞానవేత్త, రాగి అన్వేషణ బృందం