ఛాత్రోపాధ్యాయుల రికార్డులు ఎవరి కోసం?

సంపాదకులకు,

అయ్యా,

డీఎడ్ (ప్రాథమిక ఉపాధ్యాయ శిక్షణ) విద్యార్థులు సొంతంగా రాసి సమర్పించవలసిన రికార్డులు జిరాక్స్ దుకాణాల్లో అమ్ముడుపోతున్నాయంటూ పది రోజుల క్రితం మీ జిల్లా పేజీలో వచ్చిన వార్తనూ, బాధ్యులైన విద్యార్థులపై చర్యలు తీసుకుంటామని మర్నాడు అధికారులు చేసిన ప్రకటననూ చదివాను. 31 ఏళ్లు ప్రాథమిక పాఠశాలల్లో పనిచేసి, మా బడికి టీచింగ్ ప్రాక్టీసుకు వచ్చిన ఛాత్రోపాధ్యాయులను, అంటే శిక్షణలో ఉన్న ఆ విద్యార్థులను, దగ్గరుండి చూసినవాడిగా, తప్పంతా ఆ పిల్లల మీదికే నెట్టడం నాకు బాధ కలిగించింది.

ఆ రికార్డులో ‘నా బోధనా దృక్పథం’ అని కొన్ని పుటలుంటాయి. పిల్లలు ఎలా నేర్చుకుంటారని తాను నమ్ముతున్నాడో, ఆ నమ్మకం ఏ తరగతి గదిలో కలిగిందో ఛాత్రోపాధ్యాయుడు సొంత మాటల్లో చెప్పుకోవలసిన చోటు అది. నేను చూసిన రికార్డుల్లో మాత్రం విద్యకు గాంధీజీ, ఠాగూర్, విదేశీ విద్యావేత్తలు ఫ్రోబెల్, డ్యూయీలు ఇచ్చిన నిర్వచనాలు అదే వరసలో, స్కెచ్ పెన్ను గీతలతో సహా ఒకేలా కనిపించేవి.

ఒక్కరే వేరుగా రాశారు. మూడో తరగతికి లెక్కలు చెబుతున్న ఒక అమ్మాయి, 52 లోంచి 27 తీసివేయమంటే 35 అని రాసిన పిల్లవాడికి ఇంటూ పెట్టి పలక తిరిగి ఇచ్చేసింది. తర్వాతి లెక్కలో 64 లోంచి 38 తీసి వాడు 34 రాశాడు. ఎలా చేశాడో వాడినే అడిగి చూడమ్మా అన్నాను. ‘పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసెయ్యాలని మీరే చెప్పారు కదా టీచర్’ అన్నాడు వాడు. ఆమె చెప్పిన మాటే అది. మర్నాడు ఆమె చీపురుపుల్లలు పదేసి చొప్పున కట్టలు కట్టి తెచ్చి, ఐదు కట్టలూ రెండు విడి పుల్లలూ వాడి ముందు పెట్టి, ఏడు పుల్లలు ఇమ్మని అడిగింది. కాసేపు చూసి వాడంతట వాడే ఒక కట్ట విప్పాడు. ఆ సాయంత్రం ఆమె రాసుకున్నది ఇది: ‘ఇంటూ పెట్టే ముందు పిల్లవాడు ఏ నియమం పాటించాడో అడగాలి. ఆ నియమం నేనే నేర్పి ఉండవచ్చు.’

కళాశాలలో ఆ పుట కొట్టివేసి, నిర్వచనాలు లేవు, పద్ధతి ప్రకారం మళ్లీ రాసుకురమ్మన్నారు. ఆమె సీనియర్ల రికార్డు తెచ్చుకుని రాత్రంతా కూర్చుని ఎక్కించింది. మార్కులు నిండుగా వచ్చాయి.

తన పనిని తానే పరిశీలించుకుని ఆలోచించే ఉపాధ్యాయుడు కావాలని ఉపాధ్యాయ విద్యకు 2009లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం చెప్పింది. శిక్షణ సంస్థల దుస్థితిపై జస్టిస్ జె.ఎస్. వర్మ కమిషన్ 2012లోనే నివేదిక ఇచ్చింది. రెండేళ్ల కోర్సులో 20 వారాలు బడికి కేటాయించాలని 2014 నిబంధనలు వచ్చాయి. కానీ డైట్లలో (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థల్లో) అధ్యాపక పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉంటే, ఆ 20 వారాల్లో ఛాత్రోపాధ్యాయుల వెనుక కూర్చుని పాఠం చూసేదెవరు? పర్యవేక్షణకు వచ్చినవారు మా బడిలో పాఠం వినకుండానే, ఆఫీసు గదిలో పాతిక సంతకాలు పెట్టి బస్సు వేళకు వెళ్లిపోయిన రోజులు నాకు గుర్తున్నాయి. బయటికి వస్తే టీచరు ఉద్యోగం కోసం రాసే టెట్, డీఎస్సీ పరీక్షలకు మళ్లీ అవే నిర్వచనాలను బిట్లుగా బట్టీ పట్టాలి. సొంతంగా ఆలోచించినవారికి ఈ వ్యవస్థలో ఎక్కడా ఒక్క మార్కు కూడా రాదు.

చర్యలు తీసుకోదలచిన అధికారులు ముందుగా ఆ రికార్డులను దిద్దినట్టు సంతకాలు చేసినవారిని పిలిచి అడగాలి. నిర్వచనాల పుటలు తీసివేసి, ప్రతి ఛాత్రోపాధ్యాయుడూ తాను బోధించిన తరగతిలోని ఒక్క పిల్లవాడి గురించి, వాడు ఏది ఎందుకు నేర్చుకోలేకపోయాడో, తాను ఏం మార్చుకున్నాడో రెండు పుటలు రాయాలనీ, ఆ బడి ఉపాధ్యాయుడి ఎదుట దాని గురించి మాట్లాడిన తర్వాతే మార్కులు వేయాలనీ ఈ విద్యా సంవత్సరం నుంచే ఉత్తర్వులివ్వాలని కోరుతున్నాను.

భవదీయుడు,
విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు,
కృష్ణా జిల్లా