మళ్ళీ బంగాళాదుంపేనా?

చిట్టితల్లీ,

మొన్న ఫోన్‌లో నువ్వు ఏదో సరదాకి అడిగినట్టే అడిగావు, "నాన్నా, నీకు ఉద్యోగం లేనప్పుడు మనం రోజూ ఏం తినేవాళ్ళం?" అని. నేనూ సరదాగానే "బంగాళాదుంపలు" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఫోన్ పెట్టేశాక మీ అమ్మ నా వైపు చూసి, "అది సరదాకి అడగలేదండీ" అంది. అల్లుడుగారి జీతం సగమైందని నువ్వు చెప్పి అప్పటికి రెండు నెలలు. నాకు ఆమాత్రం తట్టలేదు. అందుకే ఈ ఉత్తరం. ఫోన్‌లో అయితే నువ్వు మాట మార్చేస్తావు.

అప్పుడు నీకు 11 ఏళ్ళు, తమ్ముడికి 7. నేను 14 నెలలు ఖాళీగా ఉన్నాను. మీ అమ్మ జీతం ఒక్కటే ఆధారం. ఆవిడ పొద్దున వెళితే రాత్రికి గానీ వచ్చేది కాదు కాబట్టి వంట నా మీద పడింది. అప్పటికి నాకు వచ్చిన వంటల్లా నీళ్ళు కాచడమే.

మొదటి నెలంతా ఏది చవగ్గా కనిపిస్తే అది కొనుక్కొచ్చాను. తగ్గింపు ధరకి వచ్చిందని 10 కిలోల పిండి బస్తా ఒకటి మోసుకొచ్చాను. మూతి సరిగ్గా కట్టలేదు. మూడు వారాలకి పురుగు పట్టి సగం పారబోశాం. ఎంత చవకవి కొన్నా నెలాఖరుకి ఖర్చు తగ్గలేదు. అప్పుడు మీ అమ్మ, వారం రోజులపాటు చెత్తబుట్టలో ఏం పడుతోందో రాయమంది. నాకు ఒళ్ళు మండింది. అయినా రాశాను. గట్టిపడిన రొట్టె ముక్కలు, ఫ్రిజ్ అడుగున మెత్తబడిపోయిన క్యారట్లు, రెండు గిన్నెల అన్నం, మీరిద్దరూ కంచాల్లో వదిలేసిన కూర, పుల్లబడిన పాలు. శనివారం ఆ కాగితం మీ అమ్మకి చూపించాను. ఆవిడ ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

మన ఇల్లొక్కటే కాదులే. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 2022లో ప్రపంచమంతా కలిపి పారేసిన ఆహారం దాదాపు 105 కోట్ల టన్నులు. అందులో 63 కోట్ల టన్నులు ఇళ్ళలోంచే వెళ్ళింది. హోటళ్ళూ కొట్లూ అన్నీ కలిపినా అంత లేదు. నువ్వు కూడా ఈ వారం ఇంకేమీ మార్చకుండా, ముందు ఆ లెక్క రాయి. డబ్బు లెక్కలు రాయాలంటే టెన్షన్‌గా ఉంటుంది, నాకు తెలుసు. చెత్తబుట్ట లెక్కకి అంత టెన్షన్ ఉండదు, ఒట్టి సిగ్గే.

ఆ తర్వాత నేను పట్టుకున్న పద్ధతి ఒక్కటే. పొయ్యి మీద ఏది పెట్టినా, ఇది రేపు దేనికి పనికొస్తుంది అని ముందే అనుకోవడం. మిగిలిపోయాక ఆలోచిస్తే అది మిగులు, ఎవరికీ తినబుద్ధి కాదు. ముందే అనుకుని ఎక్కువ వండితే అది రేపటి వంటలో సగం. శనగలు ఉడికిస్తే మూడు పూటలకి సరిపడా ఉడికించేవాణ్ణి. మొదటి రోజు ఉల్లిపాయ, టమాటా వేసి కూర. రెండో రోజు మెత్తగా మెదిపి, కాస్త పిండి కలిపి పెనం మీద కాల్చినవి. మూడో పూటకి ఆ ఉడికించిన నీళ్ళతోనే, చేతికి దొరికిన కూరముక్కలన్నీ వేసి సూప్. మీ ఇద్దరికీ అవి మూడు వేర్వేరు వంటలు. నాకు మాత్రం శనగలు ఉడికించే గ్యాస్ ఒక్కసారే ఖర్చయింది.

ఎండు గింజలు, పప్పులే మనల్ని ఆ ఏడాది గట్టెక్కించాయి. ఒక కప్పు ఎండు గింజలు ఉడికితే రెండున్నర కప్పులు దాటుతాయి. 100 గ్రాముల ఎండు పప్పులో ప్రొటీన్ సుమారు 24 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది 6. డబ్బాల్లో ఉడికించి అమ్మేవాటిలో నువ్వు కొనేది చాలావరకు నీళ్ళే. ప్రొటీన్‌కి ఇటుకల్లాంటివి అమైనో ఆమ్లాలు. బియ్యం, గోధుమల్లాంటి ధాన్యాల్లో వాటిలో లైసిన్ అనేది తక్కువ, పప్పుల్లో అది బోలెడు. పప్పుల్లో తక్కువపడే మెథియోనిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం ధాన్యాల్లో దొరుకుతుంది. రెండూ ఒకే ముద్దలో పడక్కర్లేదు, ఒకే రోజులో పడితే చాలు. వాటితోపాటు టమాటానో నిమ్మరసమో ఉంటే పప్పుల్లోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనం చేస్తూనే టీ తాగితే అదే ఇనుము తగ్గుతుంది. అల్లుడుగారికి ఆ అలవాటు ఉంది కదా, ఒక గంట ఆగమను.

పులుపు మాత్రం గింజ మెత్తబడ్డాకే వెయ్యి. ముందే వేస్తే ఎంతసేపు ఉడికినా బిరుసుగానే ఉంటుంది. ఇది తెలియక నేను ఒక సాయంత్రమంతా గ్యాస్ తగలేశాను.

ఇంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి చేశాను. అది నీకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. ఒక ఆదివారం రాత్రి మన నలుగురికీ వాంతులైన సంగతి గుర్తుందా? బయట ఏదో తిన్నామని మీకు చెప్పాను. బయట ఏమీ తినలేదు. గ్యాస్ మిగుల్చుకుందామని రాజ్మాని ఒక పొంగు రానిచ్చి, సన్న సెగ మీదకి దించి, మూతపెట్టి వదిలేశాను. గింజ పైకి మెత్తగానే కనిపించింది. రాజ్మాలో ఫైటోహీమాగ్లుటినిన్ అనే పదార్థం ఉంటుంది. సరిగ్గా ఉడకని గింజలు నాలుగైదు తిన్నా కడుపు తిప్పేస్తుంది. సగం వేడిలో ఉడికితే పచ్చి గింజకన్నా ప్రమాదం. కనీసం 5 గంటలు, వీలైతే రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో తెర్లుతూ ఉడకనివ్వాలి. 10 నిమిషాలు చాలంటారు కొందరు, 30 అంటారు కొందరు. ఆ రాత్రి తమ్ముడి మొహం చూసినవాణ్ణి, నేను 30 వైపే. ఆ తర్వాతే సన్న సెగ. ప్రెషర్ కుక్కర్ ఉంటే ఈ బాధ తక్కువ, లోపల వేడి 120 డిగ్రీల దాకా వెళుతుంది కాబట్టి. పెసలు, పొట్టు తీసిన పప్పులతో ఇంత గొడవ లేదు. తొందరగా ఉన్న రోజు వాటినే నమ్ముకో.

గ్యాస్ ఆదా చేయాల్సిన చోటు వేరే ఉంది. నీళ్ళు ఒకసారి తెర్లడం మొదలయ్యాక మంట పెంచినంత మాత్రాన ఇంకా వేడెక్కవు, ఆవిరి మాత్రం ఎక్కువ పోతుంది. కాబట్టి మామూలు వంటలకి పొంగు వచ్చాక మంట తగ్గించి మూత పెట్టు. నానితే గింజ సగం పని తనే చేసుకుంటుంది. పొద్దున పళ్ళు తోముకునేటప్పుడు నానబెట్టడం నాకు అలవాటైపోయింది. ఇప్పటికీ పళ్ళ పొడి వాసనకి శనగలు గుర్తొస్తాయి, ఏం చేస్తాం!

అన్నం సంగతి కూడా జాగ్రత్త. రేపటికని ఎక్కువ వండితే గిన్నెతో పొయ్యి మీదే వదిలెయ్యకు. బియ్యంలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. వెచ్చగా గంటల తరబడి ఉంటే అవి పెరిగి విషం చేస్తాయి. మళ్ళీ వేడిచేసినా ఆ విషం పోదు. వెడల్పు పళ్ళెంలో పరిచి చల్లార్చి, రెండు గంటలు దాటకుండా ఫ్రిజ్‌లో పెట్టు. మర్నాడే తినెయ్యండి. బాగా పొగలు వచ్చేలా వేడి చెయ్యి, ఒక్కసారే.

ఇక కొట్టు దగ్గర. కడుపు నిండా తిని వెళ్ళు, చీటీ రాసుకుని వెళ్ళు. పొట్లం ధర చూడకు, 100 గ్రాములకి ఎంత పడుతుందో చూడు. పెద్ద పొట్లం ప్రతిసారీ చవక కాదు; చవకైనా పాడవకముందే వాడతామా అనేది ఇంకో ప్రశ్న. పిండి బస్తా గుర్తుంది కదా. తరిగి అమ్మే కూరగాయల జోలికి వెళ్ళకు. ఫ్రీజర్‌లో ఉండే బఠాణీలని మాత్రం చిన్నచూపు చూడకు. కోసిన వెంటనే గడ్డకట్టిస్తారు కాబట్టి పోషకాలు బాగానే నిలుస్తాయి, కావలసిన గుప్పెడే తీసుకుంటావు. పొట్లాల మీద "బెస్ట్ బిఫోర్" అంటే ఆ తేదీ తర్వాత రుచి తగ్గవచ్చని, పారెయ్యమని కాదు. "యూజ్ బై" అంటే మాత్రం ఆ తేదీ దాటితే తినొద్దనే. ఈ తేడా తెలియక నేను మంచి సరుకు పారేసిన రోజులున్నాయి. క్యాబేజీ మొదలు, క్యాలీఫ్లవర్ కాడలు సన్నగా తరిగితే కూరే.

ఆకలి రుచెరుగదంటారు. ఆ సామెత చెప్పినాయన ఎప్పుడూ పిల్లలకి అన్నం పెట్టి ఉండడు. నువ్వు ఒకరోజు కంచం ముందు కూర్చుని, చేతులు కట్టుకుని, "మళ్ళీ బంగాళాదుంపేనా?" అన్నావు. నాకు కోపం వచ్చింది. ఆ రాత్రి పడుకున్నాక ఆలోచిస్తే నీ తప్పేమీ కనిపించలేదు. వరసగా అయిదు రోజులు అదే ముక్క, అదే రంగు. మర్నాడు అదే దుంపని పొట్టుతోనే పొడుగ్గా కోసి, నూనె రాసి, కరకరలాడేలా కాల్చాను. ఇద్దరూ గిన్నె నాకేశారు. దుంప మారలేదు, కరకర వచ్చిందంతే. చవక వంటలన్నీ మెత్తగా ఒకే రంగులో ఉంటాయి, పిల్లలకి విసుగు పుట్టించేది అదే. పంటి కింద పడేది ఏదో ఒకటి ఉండాలి, కొంచెం పులుపు ఉండాలి, ఉల్లిపాయ ఓపిగ్గా ఎర్రగా వేగాలి. నూనె దగ్గర మరీ పిసినారితనం వద్దు. గ్రాముకి 9 కేలరీలు ఇచ్చేది కొవ్వు ఒక్కటే, చిన్నదాని బుల్లి పొట్టకి అది అవసరం. అన్నట్టు, దుంపలు ఆకుపచ్చగా మారితే ఆ భాగం చేదుగా ఉంటుంది, ఒంటికి మంచిది కాదు. వాటిని వెలుతురు తగలకుండా, ఉల్లిపాయలకి దూరంగా ఉంచు.

ఇంకో మాట. నువ్వు పొద్దున తినడం మానేశావని పెద్దవాడు వాళ్ళ అమ్మమ్మతో చెప్పాడు. పిల్లల దగ్గర ఏదీ దాగదు. నేనూ అదే చేశాను, ఒక నెలపాటు. ఏదో త్యాగం చేస్తున్నాననుకున్నాను. ఒక సాయంత్రం కళ్ళు తిరిగి, పొయ్యి మీంచి దించుతున్న కూర మొత్తం నేల మీద పోశాను. నలుగురి రెండు పూటల తిండి. నా పొద్దుటి రెండు రొట్టెలకి అయ్యే ఖర్చు దానిలో ఎన్నో వంతో మీ అమ్మ లెక్క కట్టి మరీ చెప్పింది. నువ్వు తిను.

మేము ఆ రోజుల్లో చెయ్యని పని కూడా ఒకటుంది. ఉచితంగా భోజన సరుకులు ఇచ్చే చోటు ఒకటి ఉందని తెలిసి కూడా నేను వెళ్ళలేదు. ఎవరైనా చూస్తారని. దానికి బదులు నాలుగు నెలలపాటు మీకు పాలు తగ్గించాను. ఎవరు చూస్తారని భయపడ్డానో వాళ్ళ మొహాలు ఇప్పుడు గుర్తు కూడా లేవు. మీ దగ్గర అలాంటిది ఏదైనా ఉంటే వెళ్ళు, స్కూల్లో పిల్లలకి భోజనం పెడితే తినమను. మమ్మల్ని అడగడానికి మొహమాటపడతావని తెలుసు కాబట్టి నువ్వు అడగకుండానే మీ అమ్మ కొంత పంపిస్తోంది. వద్దనకు, వద్దన్నా ఆగదు.

పాత అడుగు మందం గిన్నె కూడా పంపిస్తున్నాను. శనగలు, రాజ్మా, ఆ 14 నెలలూ అన్నీ దానిలోనే. సన్న సెగ మీద ఎంతసేపు ఉన్నా అడుగంటదు. ఎడమవైపు పిడి కొంచెం వదులుగా ఉంటుంది. నేను కూర పారబోసిన రోజు నుంచీ అంతే. అల్లుడుగారిని స్క్రూ బిగించమను, ఆ తర్వాతే పొయ్యి మీద పెట్టు.

నాన్న