రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ మార్చాం: మీ పాటల సంగతి ఇదీ

గుంటూరులో మా స్టూడియోకి వచ్చే అందరికీ నమస్కారం.

రెండు నెలలుగా ఎవరు ఫోన్ చేసినా "ఇంకొక్క వారం ఆగండి" అంటూ వచ్చాను. ఎందుకో సరిగ్గా చెప్పలేదు. ఇప్పుడు మొత్తం చెబుతాను. 11 ఏళ్లుగా మీ పాటలన్నీ ఏ సాఫ్ట్‌వేర్‌లో రికార్డ్ చేశామో దాన్ని వదిలేశాం. శ్రావణం మొదటి వారం నుంచి కొత్త పాటలన్నీ రీపర్ అనే వేరే సాఫ్ట్‌వేర్‌లో చేస్తున్నాం.

ఏం జరిగిందంటే, ఎండాకాలంలో మా కంప్యూటర్ హార్డ్ డిస్క్ పోయింది. మీ రికార్డింగులు వేరే డిస్కుల్లో ఉంటాయి కాబట్టి వాటికేమీ కాలేదు. కొత్త డిస్క్ వేసి, విండోస్ ఎక్కించి, సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేశాక లైసెన్స్ దగ్గర ఆగిపోయింది. మా దగ్గరున్న వెర్షన్‌ని ఆ కంపెనీ ఎప్పుడో పక్కన పెట్టేసిందట. మెయిల్ పెడితే, కొత్త వెర్షన్‌కి నెలనెలా డబ్బు కట్టమని జవాబొచ్చింది. పూర్తి ధర పెట్టి కొనుక్కున్నది, మా కంప్యూటర్లోనే ఉంది, తెరుచుకోదు.

సరిగ్గా ఆ వారంలోనే తెనాలి నుంచి ఒకావిడ వచ్చారు. ఆరేళ్ల క్రితం వాళ్ల నాయనమ్మగారి చేత మంగళహారతులు పాడించి మా దగ్గర రికార్డ్ చేయించుకున్నారు. పెద్దావిడ ఈ మధ్యే కాలం చేశారు. "పాటలు ఫోన్లో ఉన్నాయండీ. వెనక హార్మోనియం లేకుండా మా నాయనమ్మ గొంతు ఒక్కటే కావాలి" అన్నారు. ఫోల్డర్ తెరిచి చూస్తే 180కి పైగా ఆడియో ముక్కలు. అన్నిటికీ వరస నంబర్లే పేర్లు. ఏ ముక్క ఏ హారతిలోది, ఎన్నో సెకనులో మొదలవుతుంది అన్నది ప్రాజెక్ట్ ఫైల్లో ఉంటుంది. ఆ ఫైల్‌ని ఆ సాఫ్ట్‌వేర్ తప్ప ఇంకేదీ చదవలేదు. పెద్దావిడ గొంతు నా ఎదురుగానే ఉంది, తీసి ఇవ్వలేకపోయాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తప్పు నాది కూడా ఉంది. పాట పూర్తవగానే ఒక్కో ట్రాక్‌నీ, అంటే ఒక్కో గొంతునీ, ఒక్కో వాయిద్యాన్నీ విడివిడిగా, మొదటి సెకను నుంచి చివరిదాకా ఒకే వేవ్ ఫైలుగా తీసిపెట్టుకోవాలి. స్టెమ్స్ అని మీరు వినే ఉంటారు, అవే. అన్నీ ఒకే పొడవు కాబట్టి ఏ సాఫ్ట్‌వేర్‌లో వేసినా ఎక్కడివక్కడ కూర్చుంటాయి. అయ్యప్ప పాటలు, క్రిస్మస్ పాటలు ఒకదాని వెనక ఒకటి వచ్చి పడే రోజుల్లో తర్వాత చూద్దాంలే అని వదిలేశాను. అలా వదిలేసినవి వందల్లో ఉన్నాయి. మీకు క్షమాపణ చెప్పుకోవాల్సింది దీనికే.

ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, మాకూ పని తక్కువ. ఆ నెలంతా కొత్త సాఫ్ట్‌వేర్ వెతుకులాటలోనే గడిచింది. చాలామంది "దేంట్లో సౌండ్ బాగుంటుంది?" అని అడిగారు. నాకూ ఆ అనుమానం ఉండేది, అందుకే మా పాత సాఫ్ట్‌వేర్ ఇంకా పనిచేస్తున్న ఒక స్నేహితుడి పాత కంప్యూటర్ సాయంతో పరీక్ష పెట్టి చూశాను. అవే ట్రాక్‌లు, అవే వాల్యూములు, ఏ ఎఫెక్టూ లేకుండా రెండు సాఫ్ట్‌వేర్లలో మిక్స్ తీసి, ఒకదాని ఫేజ్ తిప్పి, అంటే దాని శబ్ద తరంగాన్ని తలకిందులు చేసి, రెండూ కలిపి ప్లే చేయాలి. రెండూ ఒకటే అయితే ఒకదాన్నొకటి కొట్టేసుకుని నిశ్శబ్దం మిగులుతుంది. మొదటిసారి నిశ్శబ్దం రాలేదు, గొంతు సన్నగా వినిపించింది. గంటసేపు తల పట్టుకున్నాక తెలిసింది: మా పాత సాఫ్ట్‌వేర్ ఎడమ, కుడి స్పీకర్లకి సరిగ్గా మధ్యలో పెట్టిన ట్రాక్‌ని 3 డెసిబుల్స్ తగ్గించి వినిపిస్తుంది, రీపర్ మామూలుగా తగ్గించదు. ఆ సెట్టింగ్ సరిచేసి మళ్లీ ప్లే చేస్తే హెడ్‌ఫోన్‌లో ఏమీ లేదు. ఫుల్ వాల్యూం పెట్టినా ఏమీ లేదు. కాబట్టి సాఫ్ట్‌వేర్ మారినందుకు మీ గొంతు మారదు. గొంతు మారితే మైకు వల్ల, గది వల్ల, నా చేతి వల్ల.

మరి దేన్ని బట్టి ఎంచుకున్నానంటే, పదేళ్ల తర్వాత ఎవరైనా వచ్చి పాత పాట అడిగితే తెరుచుకుంటుందా లేదా అన్న ఒక్క లెక్క మీద.

లాజిక్ ప్రో నాకు చాలా నచ్చింది. దానిలో వచ్చే వాయిద్యాల సౌండ్లే చాలావరకు సరిపోతాయి. కానీ అది ఆపిల్ పరికరాల్లో తప్ప నడవదు, మా స్టూడియో అంతా విండోస్. ప్రో టూల్స్ సినిమా స్టూడియోల్లో బాగా వాడతారు. హైదరాబాద్ వెళ్లి మిక్సింగ్ చేయించుకునేవాళ్లు మీలో ఉన్నారు కాబట్టి దాని గురించీ ఆలోచించాను. అయితే నెలనెలా కట్టే చందా మాట వింటేనే ఇప్పుడు నాకు టెన్షన్. అక్కడికి పంపాలన్నా స్టెమ్స్ పంపితే సరిపోతుంది. అన్నిటికన్నా ఎక్కువ ఊగిసలాడింది క్యూబేస్ దగ్గర. మన కీబోర్డ్ ప్రోగ్రామర్లలో చాలామందికి చేయి తిరిగింది అదే. 2022లో వచ్చిన 12వ వెర్షన్ నుంచి లైసెన్స్ కోసం కంప్యూటర్‌కి గుచ్చే యూఎస్‌బీ డాంగిల్ కూడా అక్కర్లేదు. మీరు సొంతంగా పాటలు కట్టుకునేవాళ్లయితే క్యూబేస్ తీసుకోమనే చెబుతాను.

మాది ముఖ్యంగా గొంతులు, వాయిద్యాలు రికార్డ్ చేసే చోటు. రీపర్ దగ్గర నన్ను ఆపేసింది దాని ప్రాజెక్ట్ ఫైల్. దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరవచ్చు. తెరిచి చూస్తే ట్రాక్ పేరు, దాని కింద ఆడియో ఫైల్ పేరు, ఎన్నో సెకనులో మొదలవుతుందో ఆ అంకె, అన్నీ మామూలు అక్షరాల్లో ఉన్నాయి. రేపు రీపరే లేకపోయినా కాగితం, పెన్ను పట్టుకుని పాటని మళ్లీ పేర్చుకోవచ్చు. తెనాలి ఆవిడ ముందు నిలబడిపోయిన నాకు ఇంతకన్నా ఏం కావాలి? కంప్యూటర్లో పాటలు వినే విన్యాంప్ గుర్తుందా? అది తయారుచేసిన జస్టిన్ ఫ్రాంకెల్ చేసిందే ఇదీ. 60 రోజులు పూర్తిగా వాడి చూసుకోనిస్తారు. ఏడాదికి 20,000 డాలర్ల లోపు రాబడి ఉన్న చిన్న వ్యాపారాలకి లైసెన్స్ 60 డాలర్లు. ఒక్కసారి కడితే చాలు, నెలనెలా ఏమీ ఉండదు.

దీనిలో లోటు లేదని చెప్పను. వాయిద్యాల సౌండ్లు దాదాపు ఏవీ రావు, అన్నీ మనమే విడిగా సమకూర్చుకోవాలి. పాత దాంట్లో కళ్లు మూసుకుని చేసే ఎడిటింగ్‌కి ఇప్పుడు మెనూలు వెతుక్కుంటున్నాను. అందుకే దసరా వరకు గంట లెక్కన బిల్లు వేయను, పాటకి ఇంత అని ముందే మాట్లాడుకుందాం. మొదటి వారంలో పాడినవాళ్లు కొందరు హెడ్‌ఫోన్‌లో తమ గొంతు కాస్త వెనకబడి వినిపిస్తోందన్నారు. మీరన్నది నిజమే. మిక్సింగ్‌కి పెట్టుకున్న బఫర్‌ని, అంటే కంప్యూటర్ ఒక్కోసారి పోగుచేసుకుని పంపే శబ్దం ముక్క పొడవుని, 1024 శాంపిళ్ల దగ్గరే వదిలేశాను. సెకనుకి 48,000 శాంపిళ్లు తీసే 48 కిలోహెర్ట్జ్ దగ్గర అదొక్కటే 21 మిల్లీసెకన్లు. ఇప్పుడు పాడేటప్పుడు 128 పెడుతున్నాను, అది 3 మిల్లీసెకన్ల లోపే. ఆ వారం పాడినవాళ్లు మళ్లీ పాడాలనుకుంటే రండి, డబ్బులేమీ అక్కర్లేదు.

ఇక పాత పాటలు. నేను చెప్పిన ఆ పాత కంప్యూటర్ విజయవాడలో నా స్నేహితుడి స్టూడియోలో ఉంది. దానిలో ఆ సాఫ్ట్‌వేర్ ఇంకా పనిచేస్తోంది. నెల రోజులుగా రాత్రిళ్లు అక్కడ కూర్చుని ఒక్కో పాటా తెరిచి స్టెమ్స్ తీస్తున్నాను. 310 పాటల్లో 240 అయ్యాయి. తొమ్మిది పాటలకి మాత్రం పూర్తిగా రావు. వాటిలో వాడిన కీబోర్డ్ సౌండ్లు ఇప్పుడు ఎక్కడా దొరకడం లేదు. గొంతు ట్రాక్‌లు, అప్పట్లో ఇచ్చిన ఫైనల్ మిక్స్ ఉన్నాయి. ఆ తొమ్మిది మందికీ నేనే ఫోన్ చేస్తాను.

మొదట తెరిచింది ఆ మంగళహారతులే. రెండో హారతి అయ్యాక మైకు ఆపలేదు కాబట్టి, "కాసిని మంచినీళ్లియ్యవే తల్లీ" అని పెద్దావిడ మనవరాలిని అడగడం, గ్లాసు చప్పుడు అందులో ఉన్నాయి. తీసేయమంటారా అని ఫోన్ చేసి అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఉంచేయమన్నారు.

మీ పాట స్టెమ్స్ కావాలంటే పెన్‌డ్రైవ్ తీసుకుని రండి, ఉచితంగా ఎక్కించి ఇస్తాను. 40 ట్రాక్‌లున్న ఐదు నిమిషాల పాటకి సుమారు 1.7 జీబీ పడుతుంది. పాట పల్లవి, ఏ సంవత్సరంలో రికార్డ్ చేశామో చెప్పండి, వెతికి పెడతాను. ఇకమీదట చేసే ప్రతి పాటకీ ఫైనల్ మిక్స్‌తో పాటే స్టెమ్స్ కూడా మీ చేతికిస్తాను. ఒక కాపీ మీ ఇంట్లో, ఒకటి మా దగ్గర ఉంటుంది.