అమ్మమ్మ జ్ఞాపకార్థ కూడిక: పాలసీ బాండ్లు తెచ్చుకోండి

అందరికీ ప్రభువు నామమున వందనాలు. శనివారం సాయంత్రం ఒంగోలులో అమ్మమ్మ జ్ఞాపకార్థ కూడిక. ఎల్‌ఐసీ ఏజెంటుగా కొత్తపట్నం దాకా తిరిగినా, ఆదివారం మాత్రం పాలసీ మాట ఎత్తేది కాదు. ఆమె కట్టించిన పాలసీలున్నవాళ్లు బాండ్లు తెండి.

ముందు బాండ్‌లో పేరు చూడండి. బాప్తిస్మం పేరొకటి, ఆధార్‌లో ఇంకొకటి ఉంటే క్లెయిమ్ దగ్గర చిక్కే. మన సంఘంలో ఎక్కువగా జరిగేది ఇదే, అమ్మమ్మ పోరు పెట్టిందీ దీనికే. నామినీ చనిపోయి ఉంటే మార్పించండి. నామినీ మైనరైతే అపాయింటీని, అంటే వాళ్ల తరఫున డబ్బు తీసుకునే పెద్దవాళ్లను, రాయించాలి.

నెలవారీ ప్రీమియానికి గడువు తేదీ దాటాక 15 రోజులు, మిగతావాటికి 30 రోజులు వెసులుబాటు. ఆగిపోయిన పాలసీని మొదటి బాకీ వాయిదా నుంచి 5 ఏళ్లలోపు వడ్డీతో తిరిగి నిలబెట్టుకోవచ్చు. ఆరోగ్య పత్రం అడగొచ్చు.

వాయిదా తేదీలు రాసిన అమ్మమ్మ డైరీ పెద్దమామయ్య దగ్గరుంది.