ఏడు రోజుల ప్యాకేజీ తీసేశాను

మా క్లాసులకు వచ్చిన, వస్తున్న అందరికీ నమస్కారం.

కుక్కపిల్లకు ఏడు రోజుల్లో టాయిలెట్ ట్రైనింగ్ పూర్తి చేయిస్తామని ఇన్నాళ్లూ బోర్డు పెట్టుకుని కూర్చున్నాను. నిన్న ఆ బోర్డు దించేశాను. ఆ మాట నమ్మి డబ్బు కట్టినవాళ్లు మీలో ఉన్నారు కాబట్టి, ఎందుకు దించానో దాచకుండా చెప్పడం నా బాధ్యత.

మూడు వారాల కిందట తొమ్మిది వారాల పిల్లను ఇంటికి తెచ్చుకున్నాను. పేరు చిట్టి. ఇంతకుముందు నేను పెంచిన రెండు కుక్కలూ పెద్దయ్యాక వచ్చినవి, ఈ అలవాట్లన్నీ నేర్చుకునే వచ్చాయి. చిన్న కుక్కపిల్లలతో నా పని క్లాసులో గంటసేపే. మిగతా ఇరవై మూడు గంటలు మీరు పడేవారు. అదేంటో ఇప్పుడు తెలిసొచ్చింది. ఏడో రోజు పొద్దున చిట్టి నా చెప్పులోనే ఒంటికి పోసింది.

క్లాసులో నేనొక లెక్క చెప్పేదాన్ని, గుర్తుందా? పిల్లకు ఎన్ని నెలలో దానికి ఒకటి కలిపితే అన్ని గంటలు ఆపుకోగలదని. రెండు నెలల పిల్లయితే మూడు గంటలన్నమాట. లెక్క మరీ తప్పు కాదు గానీ, అది హాయిగా నిద్రపోయే పిల్లకు, అదీ గరిష్ఠంగా. మెలకువగా గంతులేస్తున్న పిల్లకు అరగంట, ముప్పావుగంట గడిస్తేనే ఎక్కువ. నిద్ర లేవగానే ఒకసారి, తిన్నాక కాసేపటికి ఒకసారి, ఆట మధ్యలో ఒకసారి పోవాల్సిందే. నా మాట విని మూడు గంటలకోసారి బయటికి తీసుకెళ్లి, మధ్యలో ఇల్లు తడిస్తే “మీరు టైమ్ పాటించట్లేదు” అని నా చేతే అనిపించుకున్నవాళ్లున్నారు. టైమ్ తప్పింది మీరు కాదు, నేను. క్షమించండి.

ఇక బయట నేను చేసిన తప్పు చెప్తే నవ్వుతారు. చిట్టి పని ముగించగానే ఎత్తుకుని లోపలికి వచ్చేసేదాన్ని, క్లాసుకు టైమవుతోందని. అది చిన్నదే గానీ లెక్క తెలిసింది. పని అయిపోతే షికారు అయిపోతుందని కనిపెట్టి, బయట ఎంతసేపైనా గడ్డి వాసన చూస్తూ తిరిగేది, గుమ్మం దాటగానే లోపల కానిచ్చేది. పైగా బిస్కెట్ ఇంట్లోకి వచ్చాక ఇచ్చేదాన్ని. అంటే ఇంట్లోకి వచ్చినందుకు బహుమతి ఇస్తున్నట్టే కదా! ఇప్పుడు బిస్కెట్లు జేబులో ఉంటున్నాయి. అది పూర్తిగా ముగించిన మరుక్షణం అక్కడే ఒకటి ఇచ్చి, ఓ ఐదు నిమిషాలు ఆడిస్తున్నాను. మధ్యలో చప్పట్లు కొట్టొద్దు, సగంలో ఆపేసి మన దగ్గరికి పరిగెత్తుకొస్తుంది. మిగిలిన సగం ఎక్కడ పోస్తుందో మీకు తెలుసు.

ఇంకోటి ఒప్పుకోవాలి. అరవకండి అని మీకు వందసార్లు చెప్పిన నేనే ఒక రాత్రి రెండింటికి గట్టిగా అరిచాను. మర్నాటి నుంచి ఇల్లు శుభ్రంగా ఉంది. రెండు రోజులు మురిసిపోయాను కూడా. తర్వాత సోఫా జరిపి చూస్తే అంతా వెనకాల. అరిస్తే అది నేర్చుకున్నది నా కంటపడకుండా పోయడమే. బయట కూడా నా ఎదుట పోవడానికి జంకింది. ఆ జంకు వదిలించడానికి వారం పట్టింది.

తుడవడం గురించి ఒక్క మాట. అమ్మోనియా ఉన్న క్లీనర్లు వాడకండి, ఆ వాసన దానికి మూత్రంలాగే ఉంటుంది. ఎంజైమ్ క్లీనర్ (మూత్రం వాసనను మూలంలోనే విరగ్గొట్టే ద్రవం) పోసి, తడి కాసేపు నాననివ్వండి. మన ముక్కుకు తెలియని వాసన దానికి తెలుస్తుంది, మళ్లీ అక్కడికే వెళ్తుంది.

టీకాలు పూర్తికాని కుక్కపిల్లల్ని బయటికి ఎలా తీసుకెళ్లాలని చాలామంది అడుగుతున్నారు. పార్వో, అంటే కుక్కపిల్లల ప్రాణం తీయగల వైరస్ జబ్బు, దాని భయం నిజమే. వేరే కుక్కలు తిరగని సొంత పెరడో, మేడో చాలు. మీ డాక్టరును అడిగే చేయండి. డాక్టరంటే గుర్తొచ్చింది. పోయినేడాది ఒక పిల్ల పదే పదే చుక్కలు చుక్కలుగా పోస్తోందంటే, షెడ్యూలు సరిచేసుకోండని పంపేశాను. చివరికి మూత్రంలో ఇన్ఫెక్షన్ అని తేలింది. ఇకనుంచి అలాంటివి ముందు పశువైద్యుడి దగ్గరికే పంపుతాను, నా దగ్గరికి తర్వాత.

కొత్త పద్ధతి ఇదీ. ఏడు రోజుల బదులు ఎనిమిది వారాలు, వారానికో క్లాసు, మధ్యలో ఫోన్లో సాయం. అప్పటికి పూర్తవుతుందని మాటివ్వను. చాలా పిల్లలకు నమ్మకంగా కుదరడానికి నాలుగు నుంచి ఆరు నెలల వయసు రావాలి, కొన్నింటికి ఏడాది. పాత ప్యాకేజీ తీసుకున్నవాళ్లు ఇందులో చేరొచ్చు, మళ్లీ ఏమీ కట్టక్కర్లేదు. వద్దు, డబ్బే కావాలంటే మొహమాటపడకుండా చెప్పండి, వెనక్కిస్తాను.

పొద్దుటి బ్యాచ్ అరగంట ఆలస్యంగా మొదలవుతుంది. ఫోన్ మాట్లాడుతూ మధ్యలో ఠక్కున పెట్టేస్తే కోపం తెచ్చుకోకండి. చిట్టి నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరగడం మొదలుపెట్టి ఉంటుంది.