లోడు పెట్టకుండానే ‘పాస్’ రాసిచ్చిన పవర్ సప్లై రెగ్యులేటర్ల గురించి ఫిర్యాదు

సర్వీస్ విభాగం మేనేజరు గారికి,

అయ్యా,

పాతకాలపు పీడీపీ-11/40 మినీకంప్యూటరు తాలూకు మూడు హెచ్744 రెగ్యులేటర్లను (వోల్టేజిని స్థిరంగా ఉంచే యూనిట్లను) రిపేరు చేసి, లోడు మీద, అంటే కరెంటు లాగుతుండగా, పరీక్షించి ఇమ్మని మీకు అప్పగించాం. మూడింటికీ ‘పాస్’ అని రిపోర్టు ఇచ్చారు. అందులో ఉన్న కొలత ఒక్కటే: అవుట్‌పుట్ 5.02 వోల్టులు. ఎన్ని ఆంపియర్ల దగ్గర కొలిచారో లేదు.

హెచ్744 అంటే 5 వోల్టుల దగ్గర 25 ఆంపియర్లు ఇవ్వాల్సిన స్విచింగ్ రెగ్యులేటరు. ఖాళీగా ఉన్నప్పుడు మల్టీమీటరు తగిలిస్తే ఎండిపోయిన కెపాసిటరున్న సప్లై కూడా 5 వోల్టులే చూపిస్తుంది.

మిషన్ బ్యాక్‌ప్లేన్‌కు (బోర్డులన్నీ గుచ్చే పలకకు) కలపకముందే వీటిని డమ్మీ లోడు మీద, అంటే మిషన్‌కు బదులు కరెంటు లాగే రెసిస్టర్ల మీద, పెట్టాం. 1 ఓమ్, 100 వాట్ల రెసిస్టర్లు ఐదు, ప్యారలల్‌గా. ఒక్కోటీ 5 ఆంపియర్లు లాగుతుంది, 25 వాట్ల వేడి వదులుతుంది. మొదటి యూనిట్ ఒక రెసిస్టరుతో బాగానే నిలిచింది. మూడో రెసిస్టరు కలపగానే మీటరు 4.8 వోల్టులు చూపించింది, ఆసిలోస్కోపులో చూస్తే సెకనుకు 100 సార్లు వోల్టేజి గుంటలు పడుతోంది. 50 హెర్ట్జ్ మెయిన్స్‌ను బ్రిడ్జి రెక్టిఫై చేస్తే వచ్చే లయ అదే కాబట్టి తప్పు ఆ గుంటలను పూడ్చాల్సిన ఇన్‌పుట్ ఫిల్టరు కెపాసిటరుదే. విప్పి కొలిస్తే, లేబుల్ మీద 2,200 మైక్రోఫారడ్‌లు, లోపల 640. పాత డబ్బా మీద కొత్త స్లీవు తొడిగారు! బిల్లులో మాత్రం ‘కొత్త కెపాసిటరు’.

రెండోదాంట్లో బోర్డు మీద అచ్చేసిన విలువకన్నా పెద్ద ఫ్యూజు వేశారు. అసలు ఫ్యూజు ఎందుకు పోయిందో చూడకుండా పెద్దది వేయడం రిపేరు అనిపించుకోదు.

మూడోదే అన్నిటికన్నా ప్రమాదం. కరెంటును అదుపుచేస్తూ అవుట్‌పుట్‌కు పంపే పాస్ ట్రాన్సిస్టరు షార్టయితే 30 వోల్టులకు పైగా ఉన్న ముడి డీసీ నేరుగా 5 వోల్టుల లైనులోకి వస్తుంది. అప్పుడు క్రోబార్ ఎస్సీఆర్ (వోల్టేజి హద్దు దాటితే మూసుకునే రక్షణ స్విచ్చు) అవుట్‌పుట్‌ను షార్ట్ చేసి ఫ్యూజు ఎగరగొట్టాలి. ఇన్‌పుట్ తీసేసి, కరెంటు లిమిట్ పెట్టిన బెంచ్ సప్లైతో అవుట్‌పుట్ వైపు నుంచి వోల్టేజి మెల్లగా పెంచాం. 7 వోల్టులు దాటినా క్రోబార్ పడలేదు. ఆ ఎస్సీఆర్‌ను పనిచేయించే గేటు వైరును ట్వీజర్‌తో తాకితే కదిలింది: డ్రై సోల్డర్, అంటే సరిగా అతకని టంకం. మిషన్ బోర్డుల మీదున్న 7400 శ్రేణి చిప్పులు పనిచేసేది 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య, 7 దాటితే పాడయ్యే ప్రమాదం ఉంది. ఆ బోర్డులు కాలితే ఎక్కడ తెమ్మంటారు?

కాబట్టి మేము కోరేవి:

మొదటిదానికి సరైన విలువ, సరైన రిపుల్ (డీసీలో మిగిలే హెచ్చుతగ్గుల) కరెంటు రేటింగు ఉన్న కొత్త కెపాసిటరు వేయాలి. మీరు పీకేసిన పాత కెపాసిటర్లన్నీ వెనక్కి ఇవ్వాలి. వాటిలో బాగున్నవి ఉండొచ్చు, ఏళ్లు చూసి పారేయడం కాకుండా కెపాసిటెన్సు, ఈఎస్సార్ (లోపలి నిరోధం), లీకేజి (లోపల కారిపోయే కరెంటు) కొలిచి తేల్చాలి. రెండోదాంట్లో అచ్చేసిన విలువ ఫ్యూజే ఉండాలి. మూడోదాని క్రోబార్ సరిచేసి, ఏ వోల్టేజి దగ్గర పడిందో రాసివ్వాలి. మూడింటికీ 5, 15, 25 ఆంపియర్ల దగ్గర వోల్టేజి, రిపుల్ రీడింగులు, నిండు లోడు మీద గంటసేపు నడిపిన తర్వాత హీట్‌సింక్ ఉష్ణోగ్రత రిపోర్టులో ఉండాలి. రానుపోను రవాణా ఖర్చు మీదే.

15 రోజుల్లో ఇది జరగకపోతే కట్టిన మొత్తం వాపసు ఇవ్వాలి. లేదంటే సేవాలోపం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. స్కోపు ఫొటోలు, బిల్లు, మీ రిపోర్టు నకలు జతచేశాం.

ఇట్లు,
కంప్యూటర్ పునరుద్ధరణ బృందం