వాట్లు సరే, కొలతలేవీ?

సంపాదకులకు,

నమస్కారం. స్పీకర్ బాక్సులు కొనుక్కోకుండా సొంతంగా చేసుకునే పిచ్చి ఉన్నవాళ్లలో నేనొకణ్ణి. డ్రైవర్లు, అంటే కోన్ అనే గరాటులాంటి పొర ఊగి శబ్దం చేసే అసలు భాగాలు, విడిగా కొంటాం, ప్లైవుడ్ కోస్తాం, జిగురు పూస్తాం, ఇంట్లోవాళ్లతో చీవాట్లు తింటాం. మా అందరి తరఫున ఒక కోరిక మీ పత్రిక ద్వారా తయారీదారులకు, ప్రమాణాలు నిర్ణయించే సంస్థలకు చేరాలని ఈ ఉత్తరం. విడిగా అమ్మే ప్రతి స్పీకర్ డ్రైవర్‌తో పాటు, బాక్స్ కట్టడానికి అవసరమైన అంకెలు కూడా ఇవ్వండి. ఒక చిన్న కాగితం చాలు.

ఈ మధ్య నాలుగంగుళాల ఫుల్ రేంజ్ డ్రైవర్లు ఒక జత కొన్నాను. ఫుల్ రేంజ్ అంటే లోతైన శబ్దాలకు వూఫర్, సన్నని శబ్దాలకు ట్వీటర్ అని విడివిడిగా లేకుండా ఒకే కోన్ గొంతునీ, వీణనీ, తబలానీ అన్నిటినీ పలికించేది. మధ్యలో క్రాసోవర్ (శబ్దాల్ని విడదీసి వేర్వేరు డ్రైవర్లకు పంపే సర్క్యూట్) గొడవ ఉండదు కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు దీని దగ్గరికే వస్తారు. నేను కొన్నవాటి మ్యాగ్నెట్ మీద ‘8 ఓమ్స్, 30 వాట్స్’ అని స్టిక్కర్ ఉంది. అట్టపెట్టె మీద ‘20 – 20,000 హెర్ట్జ్’ అని ఉంది. అంతే. ఎన్ని డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిదో చెప్పే కొలత) తేడాతో అని చెప్పనప్పుడు ఆ రెండో అంకెకు అర్థం లేదు. 20 హెర్ట్జ్ దగ్గర వినపడీ వినపడని గుసగుస వచ్చినా ఆ మాట అబద్ధం కాదు మరి!

సరే, అందరూ చేసేదే చేశాను. ఊహించి ఎనిమిది లీటర్ల బాక్స్ కట్టి, ముందు పలకకు పోర్ట్ గొట్టం, అంటే లోపలి గాలి బయటికి వచ్చే దారి, పెట్టాను. వార్తలు పెడితే చదివేవాడు కుండలో తల పెట్టి మాట్లాడుతున్నట్టుంది. చెక్కది తప్పనుకున్నాను, అడ్డుపట్టీలు వేశాను. తర్వాత యాంప్లిఫయర్ మార్చాను. లోపల దూది కూరాను. చివరికి పోర్ట్‌లో సాక్స్ కుక్కితే కుండ కాస్త చిన్న కుండ అయింది. మూడు ఆదివారాలు అలా పోయాయి.

నాలుగో ఆదివారం బుద్ధి తెచ్చుకుని డ్రైవర్ బయటికి తీసి కొలిచాను. దీనికి ల్యాబ్ అక్కర్లేదు. వెయ్యి ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి డ్రైవర్‌తో సిరీస్‌లో పెట్టి, ఫోన్‌లో టోన్ జనరేటర్ నడిపి యాంప్లిఫయర్ ద్వారా పంపాలి. డ్రైవర్ కొసల మధ్య వోల్టేజీ ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర అన్నిటికంటే పైకి లేస్తుందో మల్టీమీటర్‌తో చూడాలి. అదే దాని సహజ కంపనం, ఎఫ్‌ఎస్. నాదానికి 96 హెర్ట్జ్ వచ్చింది. ఆ శిఖరం ఎంత ఎత్తు, ఎంత వెడల్పు అన్నదాన్ని బట్టి క్యూటీఎస్ లెక్క కడితే 0.92. అప్పుడు తెలిసింది కుండ ఎక్కణ్ణుంచి వచ్చిందో.

క్యూటీఎస్ అంటే ఊగడం మొదలుపెట్టిన కోన్‌కి బ్రేకు ఎంత గట్టిగా పడుతుందో చెప్పే అంకె. మ్యాగ్నెట్ బలంగా ఉంటే బ్రేకు గట్టిగా పడుతుంది, ఈ అంకె చిన్నది. పోర్ట్ ఉన్న బాక్సుకు 0.3 – 0.4 ప్రాంతంలో ఉన్న డ్రైవర్లు బాగా కుదురుతాయి. మూడో అంకె వీఏఎస్. కోన్‌ని పట్టి ఉంచే సస్పెన్షన్‌కు ఎంత స్ప్రింగు గుణం ఉందో అంతే స్ప్రింగు గుణం చూపించే గాలి ఎన్ని లీటర్లు అన్నది ఇది చెబుతుంది. ఈ మూడూ చేతిలో ఉంటే మిగతాదంతా స్కూల్ లెక్క. క్యూటీఎస్ 0.4, వీఏఎస్ 10 లీటర్లు ఉన్న డ్రైవర్‌కి సీల్డ్ బాక్స్ (పోర్ట్ లేకుండా పూర్తిగా మూసినది) 4.7 లీటర్లు కడితే బాక్స్‌తో కలిపి ఈ బ్రేకు అంకె 0.7 దగ్గర కుదురుకుంటుంది. గుమ్మనే అతి మోతా ఉండదు, బేస్ ముందే చచ్చిపోవడమూ ఉండదు. బాక్స్ ఈ అంకెను పెంచగలదే గానీ తగ్గించలేదు. అంటే నా 0.92 డ్రైవర్‌కి గదంత సీల్డ్ బాక్స్ కట్టినా 0.92 కంటే కిందికి రాదు. పోర్ట్ పెడితే ఇంకా అధ్వాన్నం. ఆ స్టిక్కర్ మీద ఈ ఒక్క అంకె ఉండుంటే నేను రంపం ముట్టుకునేవాణ్ణే కాదు.

ఇదేమీ కొత్తగా కనిపెట్టిన విద్య కాదు. ఆస్ట్రేలియా ఇంజనీర్ నెవిల్ థీల్ పోర్ట్ బాక్సుల లెక్కను 1961లోనే ప్రచురించాడు. 1970ల మొదట్లో రిచర్డ్ స్మాల్ దాన్ని విస్తరించాడు. ఈ కొలతల్ని ఇవాళ్టికీ వాళ్ల పేర్లతోనే థీల్–స్మాల్ పారామీటర్లు అంటారు. ఆరు దశాబ్దాలు దాటింది. డ్రైవర్ డిజైన్ చేసినవాళ్ల దగ్గర ఈ అంకెలు ఉండకుండా ఉండవు. మంచి కంపెనీలు డేటాషీట్‌లో పూర్తిగా ఇస్తున్నాయి కూడా. ఇవ్వనివాళ్ల గురించే నా గోల.

వాట్ల సంగతి మరీ విడ్డూరం. పీఎంపీవో (క్షణకాలపు గరిష్ఠ శక్తి) అని వందల్లో, వేలల్లో వేసేవి వట్టి కాకి లెక్కలు. దాన్ని ఎలా కొలవాలో అందరూ ఒప్పుకున్న పద్ధతంటూ ఏదీ లేదు. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇళ్లలో వాడే యాంప్లిఫయర్ల వాట్లను ఎలా కొలిచి ప్రకటించాలో 1974లోనే నిబంధన పెట్టింది, 2024లో దాన్ని మళ్లీ బిగించింది. పైగా వాట్లు చూసి ఎంత గట్టిగా మోగుతుందో చెప్పలేం. ఒక వాట్‌కి మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ వస్తాయన్నది చూడాలి. 84 వచ్చే డ్రైవర్‌కి 40 వాట్లు పోస్తే వచ్చే మోత, 90 వచ్చేదానికి పది వాట్లతోనే వస్తుంది. ఈ అంకె లేకుండా పెద్ద వాట్ల స్టిక్కర్ అంటించడం కొనేవాడి చెవిలో పువ్వు పెట్టడమే.

అంకెలిస్తే చాలు, బాక్స్ దానంతటదే బాగా వస్తుందని నేననడం లేదు. నా మొట్టమొదటి బాక్స్ 20 × 30 × 22 సెంటీమీటర్లు. 13 లీటర్లు అని పొంగిపోయాను. 18 మిల్లీమీటర్ల చెక్క మందం అన్నివైపులా తీసేస్తే లోపల మిగిలింది ఎనిమిది లీటర్లు కూడా లేదు. ఆ తప్పు పూర్తిగా నాది. చిన్న డ్రైవర్‌ని మందపాటి పలకకు బిగించేటప్పుడు రంధ్రాన్ని వెనకవైపు ఏటవాలుగా చెక్కకపోతే కోన్ వెనక గాలికి దారి ఉండదు. అదీ పాడుచేసుకుంటేగానీ తెలియలేదు. ఇలాంటివి మేం పడతాం, నేర్చుకుంటాం. కానీ రంధ్రం ఎన్ని మిల్లీమీటర్లు కోయాలో కూడా చెప్పకపోతే ఎలా? డ్రైవర్‌ని కాగితం మీద బోర్లించి చుట్టూ పెన్సిల్‌తో గీసి, లోపలి అంచు ఎక్కడుందో అంచనా వేసుకుని కోయాల్సి వస్తోంది. రెండు మిల్లీమీటర్లు ఎక్కువైతే స్క్రూకి పట్టుండదు.

‘సొంతంగా బాక్సులు కట్టేవాళ్లు ఎంతమంది, వాళ్లకోసం ఇదంతానా?’ అని ఎవరైనా అడగొచ్చు. రిపేర్ చేసేవాళ్ల సంగతేమిటి? కోన్ చిరిగిన స్పీకర్‌కి ‘అదే సైజు, అవే ఓమ్స్’ అని చూసి ఇంకో డ్రైవర్ వేస్తారు. పాత బాక్స్ పాత డ్రైవర్ కొలతలకు కట్టింది కాబట్టి స్వరం మారిపోతుంది. కస్టమర్ వచ్చి ముందులా లేదంటాడు, మెకానిక్ తిట్లు తింటాడు. చివరికి నిక్షేపంలాంటి చెక్క పెట్టెలు చెత్తలోకి పోతాయి. కొలతలు తెలిస్తే దగ్గరి జోడీ వెతికి వేయొచ్చు.

నేనడిగేది ఎఫ్‌ఎస్, క్యూటీఎస్, వీఏఎస్, ఒక వాట్‌కి డెసిబెల్స్, ఎలా కొలిచారో చెప్పిన వాట్లు, కోయాల్సిన రంధ్రం కొలత. ఒక్కో పీసుకి కొంచెం తేడా ఉంటుంది, ఎంత తేడా ఉండొచ్చో కూడా వేస్తే ఎవరూ తగాదాకు రారు. స్టిక్కర్ మీద చోటు చాలకపోతే క్యూఆర్ కోడ్ వేయండి.

నా డ్రైవర్ల సంగతి అడుగుతారేమో. బాక్సులోంచి ఊడదీసి, వెనక ఏమీ లేని వెడల్పాటి పలకకు బిగించాను. క్యూటీఎస్ ఎక్కువున్నవాటికి ఇలా వెనక తెరిచి ఉంచే ఓపెన్ బ్యాఫిలే సరిగ్గా నప్పుతుంది. లోతైన బేస్ రాదు గానీ వార్తలు చదివేవాడు కుండలోంచి బయటికొచ్చాడు. మ్యాగ్నెట్ల వెనక ‘96, 0.92’ అని నేనే మార్కర్‌తో రాసిపెట్టాను, రేపు ఇవి ఇంకొకరి చేతికి వెళ్తే పనికొస్తుందని. పక్కనే 30 వాట్స్ స్టిక్కర్ అలాగే ఉంది.

ఇట్లు,
మీ పాఠకుడు